ఉగ్గాని చెనిక్కాయ

బత్తలపల్లె బస్టాండు పక్క హోటల్లో, తడిపి పిండిన బొరుగులు పోపులో పడగానే ఉల్లిపాయా పచ్చిమిరపా కలిసి లేపే ఉగ్గాని వాసన ముక్కుకు తగిలితే చాలు, నా వేళ్లు బల్ల మీద ఏడు దెబ్బల తాళం మొదలుపెడతాయి. పక్కవాళ్లు ప్లేట్లు జరుపుకుంటారు.

మా ఊరి భజన జట్టుకు నోరూ, మృదంగమూ రెండూ మా నాయనే. ఆయన చెయ్యి పడితే మూడు ఊళ్ల అవతల ఎండిన బావిలో కప్ప కూడా వానొచ్చిందనుకుని పైకెక్కేది. అంతటివాడి కడుపున పుట్టి నేను, తకిట తకధిమి అని ఏడుతో ఆగాల్సిన చోట, తాళాలతో ఎనిమిదో దెబ్బ వేసేదాన్ని. చేలో చెనిక్కాయలు, అదే వేరుశనగ, పెరికిన నాళ్లలో, మిద్దె నిండా ఆరబోసిన కాయల మధ్య, పచ్చి గింజల పాలు గడ్డం మీద కారుతుండగా, ఎన్ని సాయంకాలాలు సాధన చేసినా ఆ ఎనిమిదోది ఎక్కణ్నించో ఊడిపడేది.

"కొసరు ఎయ్యనీకి ఇది అంగడేమే?" అని నాయన తల పట్టుకునేవాడు. "రామనవమికి పామిడి పందిట్లో ఇట్లే ఏస్తే తాళాలు సీనాగానికి ఇచ్చేస్తా, సూడు."

సీనా మా మేనత్త కొడుకు. వాడి చేతికి నా తాళాలు పోవడమంటే నాకు రాజ్యం పోవడమే.

తిండి తప్ప నాకేదీ గుర్తుండదని ఎరిగిన నాయన చివరికి ఉపాయం కనిపెట్టాడు. "తకిట అంటే ఉగ్గాని. తకధిమి అంటే చెనిక్కాయ. ఆమీంద ఒక్క మెతుకు గూడా ల్యా." ఉగ్గాని చెనిక్కాయ, ఉగ్గాని చెనిక్కాయ! తాళం నేరుగా కడుపులోంచి రాసాగింది.

నవమినాడు పానకం, వడపప్పు పంచుతుండగా పాట జోరందుకుంది. అదను చూసి సీనా నా చెవిలో, "వేడి వేడి చెనిక్కాయ, పాపా" అన్నాడు. అంతే, నా ఉగ్గానికీ చెనిక్కాయకీ మధ్య ఆ 'వేడి' దూరింది. తాళం గాల్లో కలిసింది. నాయన మృదంగం ఆపలేడు, నన్ను తిట్టలేడు. రాముడి పేరు రావలసిన చోట, కళ్లు మూసుకుని, అదే రాగంలో గొంతెత్తి "ఉగ్గాని చెనిక్కాయా" అన్నాడు. భజనలో ముందరివాడు ఏదంటే వెనకవాళ్లు అదే అనాలి కదా! పందిరంతా చిడతలు కొడుతూ, ముసలమ్మలు కన్నీళ్లు కారుస్తూ, "ఉగ్గాని చెనిక్కాయా" అని ఊగిపోయింది. నా ఏడు నాకు దొరికింది.

పాటయ్యాక ఒక అవ్వ, "యా సామి పాటప్పా అది, ఒళ్లు జలదరించె" అని నాయనకు దండం పెట్టింది.

"తాళాలు నీవేలే మే" అన్నాడు నాయన నాతో.

ఇప్పుడు జట్టూ లేదు, నాయనా లేడు. మా అమ్మాయి ఫోనులో తాళం టిక్కుటిక్కుమంటుంది. ఆ ఫోనుకు ఆకలి తెలియదు.

"ఏం కావల్లక్కా?" అంది హోటలామె.

"ఉగ్గాని, చెనిక్కాయ."

"చెనిక్కాయ యాడుందక్కా? బజ్జీ ఉండాది."

'ఉగ్గాని బజ్జీ' అనుకుంటే వేళ్లు అయిదో దెబ్బకే ఆగిపోయాయి. "బజ్జీతో అయిదే అయితాది తల్లీ, నాకు ఏడు కావల్ల."

ఆమె ఏడు బజ్జీలు తెచ్చి పెట్టింది. "కొసరక్కా" అంటూ ఎనిమిదోది కూడా వేసింది.

నాయన ఉండుంటే తల పట్టుకునేవాడు.