ఏడో ప్రశ్నకు పదకొండు సెకన్లు

మా పురసభ ఆఫీసులో ఆవిణ్ణి అందరూ ఎదురుగా అక్క అంటారు, వెనకాల ప్రశ్నలక్క అంటారు. ఆవిడకి తెలుసు, పట్టించుకోదు. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళని ప్రశ్నలడగడమే ఆవిడ ఉద్యోగం. మొదటి పద్నాలుగేళ్ళు ఇంటింటికీ తిరిగి తనే అడిగింది. మోకాళ్ళు మొరాయించాక, మూడో అంతస్తులోని మా గణాంకాల విభాగంలో కూర్చుని, ఇంకొకళ్ళు తిరిగి అడగడానికి ప్రశ్నలు తయారుచేస్తోంది. ముడిలో ఎర్ర పెన్సిలు దోపుకుంటుంది. కాసేపయ్యాక అదే పెన్సిలు కోసం సొరుగులన్నీ వెతుకుతుంది.

ఇంట్లోనూ ఇదే వరస. వాళ్ళాయన దర్జీ. ఒకసారి నాకు చొక్కా కొలతలు తీసుకుంటూ మొరపెట్టుకున్నాడు. "కూరెలా ఉందని అడుగుతుందయ్యా. చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు అని నాలుగూ తనే చెప్పి నా మొహంలోకి చూస్తూ కూచుంటుంది. ఏం చెప్తే ఏమొస్తుందోనని ఇంకో ముద్ద తింటాను."

నేను ఆ విభాగంలో టైపిస్టుని. ఆవిడ ఏ ప్రశ్న తయారుచేసినా ముందు నా మీదే ప్రయోగిస్తుంది. "నువ్వు అచ్చమైన సగటు మనిషివి తమ్ముడూ. నీకు అర్థమైతే ఊరంతటికీ అర్థమైనట్టే" అంటుంది. ఇది పొగడ్తో తిట్టో పదేళ్ళయినా నాకు తేలలేదు.

బస్సు స్టేషను వెనక పురసభ వాళ్ళు నడిపే భోజనాల హాలు ఒకటి ఉంది. మధ్యాహ్నం ఒక్క పూట, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు ఉచితంగా పెడతారు. ఆ ఏడాది సభ్యుల్లో కొందరు దాన్ని మూసేయాలని పట్టుబట్టారు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటున్నారో కనుక్కుని చేద్దామని మిగతావాళ్ళు అన్నారు. ఊళ్ళోని పేదరికం గురించి ఊరి అభిప్రాయం తెలుసుకునే సర్వే ఒకటి తయారుచేయమని మా విభాగానికి కాగితం వచ్చింది. శుక్రవారం పన్నెండింటికి ప్రశ్నాపత్రం సభ ముందుండాలి. పెడితే సర్వే జరుగుతుంది. పెట్టకపోతే సర్వే లేకుండానే ఆ రోజే ఓటు వేసేస్తారు. ఓటు ఎటు పడుతుందో మెట్లు తుడిచే ఆవిడకి కూడా తెలుసు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ హాల్లో మా అన్నయ్య తింటాడు.

మా అన్నయ్య బోర్డులు రాసేవాడు. నాన్న పోయాక ఆ బ్రష్షుతోనే నన్ను చదివించాడు, టైపు నేర్పించాడు. ప్రతి బోర్డు కింద అల లాంటి గీత ఒకటి, దాని చివర ఒక చుక్క పెట్టేవాడు. అది ఆయన సంతకం. తర్వాత ప్లాస్టిక్ బోర్డులు వచ్చాయి. చేతిరాతకి పనిలేకుండా పోయింది. చేతులు కూడా వణకడం మొదలుపెట్టాయి. ఏడాదిన్నర మా ఇంట్లో ఉన్నాడు. మాటా మాటా పెరిగి ఒకరోజు సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను గుమ్మం దాకా వెళ్ళాను గానీ, ఆగమని అనలేదు. ఆ తర్వాత ఆయన హాలు ముందు వరసలో నిలబడటం బస్సులోంచి చూశాను. మర్నాటి నుంచి ఒక స్టాపు ముందే దిగి, చుట్టూ తిరిగి ఆఫీసుకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిస్తే తలెత్తుకోలేనని నా భయం.

సోమవారం పొద్దున్నే డైరెక్టరు గారు ప్రశ్నలు తనే రాసుకొచ్చి అక్క బల్ల మీద పెట్టాడు. కొత్తగా వచ్చినవాడు, వయసులో ఆవిడ కన్నా ఇరవై ఏళ్ళు చిన్న. ఆవిడ మొదటి ప్రశ్న పైకి చదివింది. "ఉచిత భోజనం వల్ల మనుషుల్లో బద్ధకం పెరుగుతోందని మీరు అంగీకరిస్తారా?"

కాగితం కింద పెట్టింది. "ఇది ప్రశ్న కాదు సార్. తలూపమని చెప్పడం."

"జనానికి సూటిగా ఉండాలి మేడమ్."

"సూటిగానే అడుగుదాం. ముందే జవాబు నోట్లో పెట్టి అడగొద్దు."

డైరెక్టరు గారు నవ్వాడు గానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "సరే, మీరే తయారుచేయండి. గురువారం సాయంత్రానికి నాకు చూపించండి. నచ్చకపోతే నాది వెళ్తుంది. దాని మీద తయారుచేసినవారుగా మీ సంతకమే ఉంటుంది."

మా దగ్గర అది నియమం. ప్రశ్నాపత్రం కింద తయారుచేసినవాళ్ళ సంతకం లేకపోతే సభ తీసుకోదు.

ఆవిడ రెండు రోజులు తల ఎత్తలేదు. రాయడం, పైకి చదవడం, కొట్టేయడం. ‘పేదవాళ్ళు’ అనాలా ‘ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళు’ అనాలా అని మధ్యాహ్నమంతా తనతో తనే పోట్లాడింది. చివరికి పన్నెండు ప్రశ్నలు తేల్చింది. మూడోది: మన ఊళ్ళో కొందరు పేదవాళ్ళుగా ఉండటానికి ముఖ్య కారణం ఏమిటి? పని దొరకకపోవడం, జబ్బు, బద్ధకం, అయినవాళ్ళు వదిలేయడం, ఇంకేదైనా. ఏడోది: మీకు బాగా కావలసినవాళ్ళు ఎవరైనా ఆ హాల్లో భోంచేస్తున్నారా? పన్నెండోది: హాలు ఉండాలా, మూసేయాలా?

ఆ కాగితాలు టైపు చేసింది నేనే. ఏడో ప్రశ్న టైపు చేస్తూ రెండుసార్లు తప్పు కొట్టాను.

బుధవారం ఆవిడ ఆరుగురిని కుర్చీల్లో కూర్చోబెట్టింది. గుమాస్తాలు నలుగురు, డ్రైవరు, నేను. ఇంటి గుమ్మంలో ఎలా అడుగుతారో అలాగే ఒక్కొక్కళ్ళనీ అందరి ముందూ పైకి అడిగి, జవాబు తనే రాసుకుంది. పక్కన వంటింట్లో వాడే టైమరు పెట్టుకుంది. ఒక్కో ప్రశ్నకి ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకోవడం ఆవిడ పద్ధతి. ఎక్కువసేపు పడితే ప్రశ్న అర్థం కాలేదని లెక్క.

నా వంతు వచ్చేసరికి డ్రైవరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. హాల్లో తినేవాళ్ళ గురించి అప్పుడే ఏదో జోకు వేశాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మూడో ప్రశ్నకి "బద్ధకం" అన్నాను. ఏడో ప్రశ్న అడిగింది.

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. ఆవిడ పెన్సిలు కాగితం మీదే ఆగి ఉంది.

"లేరు" అన్నాను.

పన్నెండోదానికి "మూసెయ్యాలి" అన్నాను, అదీ గట్టిగా. నన్ను పెంచిన మనిషి ముందున్న కంచాన్ని నా నోటితో నేనే లాగేశాను. ఆ మాట అన్నందుకు డ్రైవరు నా భుజం తట్టాడు. ఆ తట్టిన చోటు సాయంత్రం దాకా నాకు మండుతూనే ఉంది.

అందరూ లేచాక ఆవిడ కాగితాలు చూసుకుంటూ కూర్చుంది. నా కాగితం పక్కన ఎర్ర పెన్సిలుతో రాసి ఉంది: ఏడు, పదకొండు సెకన్లు. మిగతావన్నీ రెండేసి సెకన్లు. నేను చూశానని ఆవిడ చూసింది. పెన్సిలు ముడిలో దోపుకుంది.

"పద్నాలుగేళ్ళూ గుమ్మాల్లో నిలబడే అడిగాను" అంది, నాతో అన్నట్టు కాకుండా. "లోపల అత్తగారు వింటుంటుంది, పక్కింటావిడ వింటుంటుంది. వాళ్ళు నాకు చెప్పారో, వాళ్ళకి చెప్పారో ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు సిగ్గుండాలి."

గురువారం మళ్ళీ అందరినీ పిలిచింది. నిన్నటి కాగితాలు మాకు తిరిగిచ్చి, వెనక ఒక గుర్తు పెట్టి ఒక పెట్టెలో వెయ్యమంది. పేరు కాదు, మాకు మాత్రమే తెలిసిన గుర్తు. అవే ప్రశ్నలున్న కొత్త కాగితం, ఒక కవరు ఇచ్చింది. "ఒక్కొక్కళ్ళే రికార్డు గదిలోకి వెళ్ళండి. తలుపేసుకుని మీరే టిక్కు పెట్టండి. అదే గుర్తు పెట్టి, కవరు అంటించి, పెట్టెలో వెయ్యండి. ఎవరిదేదో బయటికి రాదు. ఇది నా మాట."

రికార్డు గదిలో పాత ఫైళ్ళ దుమ్ము. బల్ల మీద చోటు చేసుకుని కూర్చున్నాను. మూడో ప్రశ్న దగ్గర ‘అయినవాళ్ళు వదిలేయడం’ అన్న మాటలు చూశాను. వాటికి పక్కన గడి. అంత చిన్న గడిలో టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఏడ్చాను. ఎందుకు దాచాలి, ఏడ్చాను. తర్వాత టిక్కు పెట్టాను. ఏడోదానికి అవును. పన్నెండోదానికి ఉండాలి. వెనక ఒక అల గీసి, చివర చుక్క పెట్టాను.

శుక్రవారం పదకొండున్నరకి డైరెక్టరు గారు మా గదిలోకి వచ్చాడు. ముందురోజు సాయంత్రం అక్క పత్రం చూసినా అవునని గానీ కాదని గానీ అనలేదు. గదిలో అందరం ఉన్నాం. నేను తుది ప్రతి టైపు చేయడానికి కంప్యూటరు ముందు సిద్ధంగా కూర్చున్నాను.

"కవర్లేంటి, పెట్టెలేంటి మేడమ్? ఇంటింటికీ కవరంటే పని మూడింతలవుతుంది. ఎప్పటిలాగే అడిగి రాసుకుంటే పోయేదానికి!"

"అడిగి రాసుకుంటే తప్పు జవాబులొస్తాయి సార్." ఆవిడ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "ఆరుగురిలో నలుగురు మారలేదు. ఒకాయన ఒక్క జవాబు మార్చాడు. ఇది చూడండి. ఒకే మనిషి. బుధవారం పదిమందిలో చెప్పింది ఇది, గురువారం తలుపేసుకుని రాసింది ఇది. మూడు, ఏడు, పన్నెండు ప్రశ్నల జవాబులు తిరగబడ్డాయి."

డైరెక్టరు గారు కాగితాలు తిప్పి చూశాడు. నేను గీసిన అల నాకు అంత దూరం నుంచి కూడా కనిపించింది.

"ఎవరిది ఇది?"

"చెప్పను సార్."

"చెప్పకపోతే నేనెలా నమ్మాలి? ఈ గీత ఎవరైనా గీయొచ్చు. రెండోది మీరే నింపుకున్నారని నేనంటే?"

ఆవిడ మొహం పాలిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడని ఎవరూ అనని మాట అది. ఎండలో తిరిగి తిరిగి, తలుపు తీయని ఇంటికి మూడోసారి కూడా వెళ్ళిన మనిషిని, జవాబులు సొంతంగా రాసుకున్నావని అన్నాడు.

"ఎవరిదో చెప్పండి. లేదా నా పత్రం మీద సంతకం పెట్టండి. రెండూ కాదంటే దొంగ జవాబులు సృష్టించారని పైకి రాస్తాను. ఇంకా ఎనిమిది నెలలే కదా మీ సర్వీసు, ఆలోచించుకోండి." గడియారం చూశాడు. "పన్నెండింటికి సభ."

పదకొండూ నలభై రెండు. ఆవిడ సంతకం పెడితే తలూపే ప్రశ్నలు వెళ్తాయి. పెట్టకపోతే ఓటు పడుతుంది. ఎటు తిరిగినా హాలు మూతపడుతుంది. అటూ ఇటూ కాకుండా ఆపగలిగింది ఒక్క పేరు. ఆ పేరు ఆవిడకి తెలుసు. పదకొండు సెకన్లు రాసుకున్నది ఆవిడే.

ఆవిడ నావైపు చూడలేదు. చూస్తే అందరికీ తెలిసిపోతుందని కాబోలు, కిటికీ వైపు తిరిగింది.

"పేరు చెప్పను. సంతకం పెట్టను. రాసుకోండి సార్."

కుర్చీలోంచి నేను ఎలా లేచానో నాకు గుర్తులేదు.

"అవి నావి సార్. రెండూ."

డ్రైవరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను అతని వైపే చూస్తూ చెప్పాను. "ఆ హాల్లో తినేది మా అన్నయ్య. నన్ను చదివించిన మనిషి. బద్ధకస్తుడు కాదు. ఆయన్ని వదిలేసింది నేను."

డైరెక్టరు గారు నావైపు తిరిగాడు. "మరి వీటిలో ఏది నిజం?"

"రెండూ నేను చెప్పినవే సార్. ఒకటి వీళ్ళందరి ముందు."

ఆయన రెండు కాగితాలూ మరోసారి చూశాడు. చివరికి వాటిని జాగ్రత్తగా ఒకదాని మీద ఒకటి పెట్టి, అక్కకే తిరిగిచ్చాడు. "కవర్లతో ఎన్ని రోజులు పడుతుంది మేడమ్?"

"పది రోజులు ఎక్కువ."

"టైపు చేయించండి" అన్నాడు. నేనే టైపు చేశాను. ఆవిడ సంతకం పెట్టింది. పన్నెండుకి రెండు నిమిషాల ముందు పత్రం పైకి వెళ్ళింది. పావుగంటలో కబురొచ్చింది. ఫారాలు తిరిగొచ్చేదాకా ఓటు వాయిదా. ఆ తర్వాత సంగతి తర్వాత, అప్పటిదాకా హాలు తెరిచే ఉంటుంది.

అందరూ వెళ్ళాక ఆవిడ నా మీద విరుచుకుపడింది. "నిన్నెవరు చెప్పమన్నారు? బయటికి రాదని మాటిచ్చాను కదా! నా మాటకి విలువేముంది ఇంక?" కళ్ళనిండా నీళ్ళు. ముడిలో ఉన్న పెన్సిలు కోసం సొరుగు లాగి వెతికింది. నేనే తీసి చేతికిచ్చాను.

ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టింది. తర్వాత అడిగింది. పదేళ్ళలో మొదటిసారి, ఎంచుకోవడానికి నాలుగు జవాబులు ఇవ్వకుండా అడిగింది.

"మీ అన్నయ్య ఎన్నింటికి తింటారు?"

"పన్నెండున్నరకి."

"అయితే ఇక్కడేం చేస్తున్నావు?"

హాలు నేననుకున్న దానికన్నా శుభ్రంగా ఉంది. పొడుగు బల్లలు, బెంచీలు, కంచాల చప్పుడు. మా అన్నయ్య మూడో బల్ల చివర కూర్చున్నాడు. చెంచా వణకకుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకుని తింటున్నాడు. గడ్డం తెల్లబడిపోయింది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను.

ఆయన తలెత్తాడు. నన్ను చూసి, ఆఫీసు వేళలో నా ఖాళీ చేతులు చూసి, మొహంలో రంగు మారింది.

"ఉద్యోగం పోయిందారా చిన్నోడా?"

నేను జవాబు చెప్పేలోపే బెంచీ మీద పక్కకి జరిగాడు. కంచంలో సగం ఒకవైపుకి తోసి, నావైపు తిప్పాడు.

"పోతే పోయిందిలే. కూర్చో. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు."