ఎనిమిది కిలోల బెల్లం, ఒక బుల్లి దేశం

ఆదివారం ఉదయం ఆరున్నరకు హన్మకొండలో మేడారం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు కొట్టిచ్చాడు. వెళ్ళదలచుకున్నవారు జాతర లేని ఏడు వెళ్ళండి. కిటికీ పక్కన సీటు దొరుకుతుంది, అమ్మవార్ల గద్దెల ముందు తీరిగ్గా నిలబడి దండం పెట్టుకోవచ్చు.

వారమంతా జాకెట్లు కుట్టడం నా పని, సాయంత్రాలు మాత్రం గ్రంథాలయానివి. ఈ నెలంతా పసిఫిక్ దీవుల జనాభా గురించి చదివాను. ఎవరికైనా చెప్పాలని నాలుక దురదపెడుతోంది.

ములుగు దాటేసరికి పక్కసీటు రాజవ్వ నాకు చుట్టమైపోయింది. ముందు సీట్లో ఆమె కొడుకు కుమార్, కోడలు లావణ్య, ఒళ్ళో ఏడాది నిండిన సమ్మయ్య. నెలలు నిండకుండా పుట్టి, దవాఖానలో అద్దాలపెట్టెలో ఉన్నాడట. బతికితే ఏడాది నిండగానే వాడెత్తు బెల్లం ఇస్తానని రాజవ్వ మొక్కింది. కుమార్ కాళ్ళ దగ్గర సంచిలో ఎనిమిది కిలోలున్నాయి.

లావణ్య మొహం మాత్రం వాడిపోయి ఉంది. పోయిన నెల అంగన్‌వాడీలో జోకితే ఏడున్నరే వచ్చాడట.

"బరువు పెరుగుత లేడని టీచర్ అన్నదక్కా. ఇయ్యాల తక్కెట్ల తేలిపోతే ఎట్ల?" అంది.

"ఫికర్ చెయ్యకే. నెల సంది పప్పు, నెయ్యి నేనే తినిపిస్తున్న," అని కసిరింది రాజవ్వ. నావైపు తిరిగి, "మా పల్లెల నిరుడు పుట్టింది వీడొక్కడే బిడ్డా. వయసుల ఉన్నోళ్ళంత పట్నం పోయిరి," అంది.

నాకు అంతకన్నా సందు ఏం కావాలి? నియూ అనే దేశం గురించి మొదలుపెట్టాను. అక్కడి జనం రెండు వేలకు లోపే. న్యూజిలాండ్‌లో స్థిరపడ్డ నియూవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. అక్కడ మగపిల్లల జుట్టు ఏళ్ళ తరబడి పెంచుతారు. మొదటిసారి కత్తిరించే రోజున అయినవాళ్ళూ ఊరివాళ్ళూ తలో పాయ కత్తిరించి కానుకలిస్తారు. సముద్రం దాటిపోయినవాళ్ళు కూడా అందుకోసం వస్తారు.

"దేశమంత గంతేనా? మా కాలేజీలనే అంతకెక్కువ ఉంటిమి!" అన్నాడు కుమార్.

పస్రాలో బస్సు ఆగితే చాయ్, వేడి మిర్చిబజ్జీలు. పదింటికి మేడారం. జంపన్నవాగులో స్నానాలు చేసి, దుకాణం ముందున్న పెద్ద తక్కెడ దగ్గరికి చేరాం. బస్సులోవాళ్ళు చాలామంది అక్కడే ఉన్నారు. కుమార్ ఒక తట్టలో బెల్లమంతా పేర్చాడు. రెండో తట్టలో లావణ్య పిల్లాడిని కూర్చోబెట్టింది గానీ, వాడి కింద పెట్టిన చెయ్యి తియ్యదు.

"అక్కా, నిన్ను గూడ జోకాల్నా ఏంది?" అన్నాడు దుకాణదారు.

ఆమె కళ్ళు మూసుకుని చెయ్యి తీసింది. సమ్మయ్య తట్ట దబ్బున కిందికి దిగింది. బెల్లం గాల్లోకి లేచింది.

"బెల్లం తక్కువవడ్డదే! నా మనుమడు గెలిచిండు!" రాజవ్వ అరుపుకు పక్క దుకాణాలవాళ్ళు కూడా తొంగిచూశారు. లావణ్య ఏడుస్తూ నవ్వింది.

అమ్మవార్లకని నేను తెచ్చుకున్న బెల్లం ముద్ద తీసి బెల్లం తట్టలో పెట్టబోయాను. రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మొక్కు మాది. నీ బెల్లమెట్ల చెల్లుతది?"

"అవ్వా, ఆ దేశంల పోరడు అందరోడు. అందుకే తలో పాయ కత్తిరిస్తరు."

ఆమె నా చెయ్యి వదిలింది. "ఊరికొక్కడు గదా. సరే, వెయ్యి."

నా వెనక కండక్టరు ఒక ముక్క, ఇంకెవరో రెండు ముక్కలు వేశారు. తట్టలు సమానమై, ఆపైన బెల్లమే బరువెక్కింది. వేసినవాళ్ళెవరూ వెనక్కి తీసుకోలేదు.

మూడింటికి తిరుగు బస్సు. లావణ్య దారిపొడవునా మాట్లాడుతూనే ఉంది. నెలరోజులుగా పుస్తకాల్లో తగ్గిపోతున్న అంకెగా చదివిన జనాభా అంటే ఏమిటో, ఈ ప్రయాణంలో చేతులకు బెల్లం జిగట అంటాక నాకు అర్థమైంది.

తాడ్వాయి అడవి దాటుతుండగా రాజవ్వ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఆ దేశమోళ్ళు మొత్తం ఎన్ని బస్సులకొస్తరు బిడ్డా?"

"నలభై బస్సులైతే సరిపోతయి అవ్వా."

"గంతేనా! ఒకపారి తోల్కరా. ఊళ్ళె ఇండ్లన్ని ఖాళీగనే ఉన్నయి, అందరం కల్సి వండి పెడ్తం."