భారతమ్మ ఇంట్లో ఇప్పకొమ్మ

కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట, మధిర వైపు నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం మా పెద్దమ్మ భారతమ్మది. ముందుగదిలో ఇత్తడి బిందె పెట్టి, ఏ కాలంలో దొరికే పువ్వును ఆ కాలంలో కొమ్మలతో సహా అమర్చేది. శివరాత్రి వెళ్ళాక మోదుగ, ఎండలు ముదిరితే రేల, వానలు తగ్గితే తంగేడు. "పెళ్ళివారు ఎప్పుడొస్తున్నారు?" అని పెదనాన్న ఆటపట్టించేవాడు.

ఎనభై మూడులో ఆయన పోయాడు. బిందె ఎండిపోయింది. పెద్దమ్మ ఏడవలేదు. ఎవరైనా పెడితే తినేది, లేపితే లేచేది.

పువ్వులు తెచ్చిపెట్టే కోయ మనిషి కన్నమ్మకు ఇది చూడబుద్ధి కాలేదు. మరుసటి ఫాల్గుణంలో ఒక పొద్దున కొంగు కప్పి ఇప్పకొమ్మ తెచ్చింది.

"మా గూడెంల పండుగ చెయ్యంది ఇప్పపువ్వు ముట్టొద్దమ్మా. నీ కోసం దొంగతనంగ తెచ్చిన. నా పేరు చెప్పకు."

పెద్దమ్మ "ఊఁ" అని కొమ్మను బిందెలో పెట్టింది. చేతులకు అలవాటు.

సారా కాచే పువ్వు కదా, సాయంత్రానికి ముందుగదంతా సారా వాసన. చూసిపోదామని వచ్చిన బంధువులు ముక్కులు ఎగబీల్చి, ఆమె వంక అదోలా చూసి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆమె గమనించలేదు.

మర్నాడు గూడెం పెద్ద బొజ్జయ్య ఎడ్లబండి అడగడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గిదెవరు తెచ్చిండ్రమ్మా?"

"కన్నమ్మ."

అంత తేలిగ్గా అనేసింది.

మూడోనాడు కన్నమ్మ వచ్చి వాకిట్లో కూలబడింది. "ఈ ఏడు ఇప్పచెట్ల కిందికి రావొద్దన్నరు. పువ్వు ఎండబెట్టి దాచుకోకపోతే వానకాలం నా పిల్లలేం తినాలె? ఒక్క మాట కడుపుల దాచుకోకపోతివి."

"నువ్వు చెప్పొద్దన్నావా?" పెద్దమ్మ నిజంగానే అడిగింది.

కన్నమ్మ ఆమె మొహం చూసి, తిట్టబోయి ఊరుకుంది.

పెద్దమ్మ చెప్పులేసుకుని గూడేనికి వెళ్ళింది. పెద్దల ముందు నిలబడి, "ఆశపడి కోయించింది నేను. ఆ తప్పేదో నాకు వెయ్యండి," అంది.

బొజ్జయ్య మిగతా పెద్దల వంక చూసి తీర్పు చెప్పాడు. "పండుగనాడు పుంజును తెచ్చి నువ్వే తప్పు ఒప్పుకోవాలె. గప్పుడు కన్నమ్మ అందరితోటి ఏరుకుంటది."

మా ఇళ్ళలో కోళ్ళు లేవు. సంతలో పుంజును కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. కండక్టరు దానికీ టికెట్ కొట్టాడు. అది కూసినప్పుడల్లా బస్సంతా నవ్వులు. తోడు వెళ్ళిన నేను పక్కసీట్లో సిగ్గుతో చచ్చాను. పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పండుగ అయిన మర్నాడు తెల్లవారుతూనే కన్నమ్మ గంపతో బయలుదేరింది. పెద్దమ్మ కూడా వెంట వెళ్ళి చెట్టు కింద కూర్చుంది.

"నువ్వు గూడ ఏరుతవా అమ్మా?"

"ఏమో."

పువ్వులు రాలుతున్నాయి. నెత్తిమీద పడ్డవాటిని కూడా ఆమె దులుపుకోలేదు. ఒళ్ళో పడ్డవి కన్నమ్మే ఏరి గంపలో వేసుకుంది.