నూట పదమూడో గడి

మా హాస్టల్ వార్డెన్ మేడం మొన్న సోమవారం కన్నుమూశారు. ఛాతీలో నొప్పి అంటే మధ్యాహ్నం జీపులో ఉట్నూరు దవాఖానకు తీసుకెళ్ళారు. "తొవ్వలనే పానం వోయిందమ్మా" అని డ్రైవరు ఫోన్ చేసేసరికి నేను హాజరు షీటు తెరుచుకుని కూర్చున్నాను.

ఆ ఆడపిల్లల హాస్టల్లో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. సీట్లు నిండి ఏటా పిల్లలు నూట పన్నెండు మందే. రోజూ ఒక్కొక్కరి పేరు ఎదుటి గడిలో వచ్చిందో రాలేదో రాస్తాను. ఆరేళ్ళ కింద కొత్తగా చేరినప్పుడు, 'వచ్చింది' అనే మాటకు అటో స్టారు గుర్తు, ఇటో స్టారు గుర్తు పెడితే, పక్కన ఇంకేం రాసి ఉన్నా ఆ మాట ఉన్న గడులన్నిటినీ షీటే లెక్కపెడుతుందని మేడంకి గొప్పగా చూపించాను. "మంచిగనే ఉన్నది గని, అది మొఖాలు జూస్తదా బిడ్డా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ ఏడు దసరా సెలవులు ముగిసిన రోజు, గేటు దగ్గరున్న ఆయమ్మ ఫోన్‌లో చెబుతుంటే నేను టైపు కొట్టాను. లెక్క నూట పన్నెండు, అందరూ వచ్చినట్టే. అయినా మేడం పొద్దుగూకే వేళ పిల్లలను వరండాలో చాపల మీద కూర్చోబెట్టి పేర్లు పిలిచారు. ఒక మూడో తరగతి పిల్ల పేరు పిలిస్తే వెనక నుంచి "ఉన్న" అని వినిపించింది. నేనూ విన్నాను. మేడం ఎందుకో లేచి వెనక వరుస దాకా నడిచారు. ఆ పిల్ల చాప ఖాళీగా ఉంది. పలికింది ఎవరని అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆ గొంతు ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

పరుగున పోయి షీటు చూశాను. ఆ పిల్ల గడిలో నా చేత్తో కొట్టిన మాటలే ఉన్నాయి: 'వచ్చింది, వాపస్ పోయింది'. ఆయమ్మ చెప్పింది చెప్పినట్టు ఆలోచించకుండా కొట్టాను. గడిలో 'వచ్చింది' ఉంది కాబట్టి షీటు దాన్నీ కలుపుకుంది. తప్పు షీటుది కాదు, నాది. మేడం టార్చి పట్టుకుని అడవి దారిన పోయారు. తనను దింపిన జీపు వెంట ఏడుస్తూ నడిచిపోయిన పిల్లను ఎత్తుకుని తిరిగి వచ్చారు.

నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మా బాపు బొగ్గు బావిల పనిజేసెటోడు" అన్నారు నా పక్కన కూర్చుని. "దిగెటప్పుడు తలకు దీపం ఇస్తరు, ఎక్కినంక వాపస్ తీసుకుంటరు. గా దినం దీపాలన్ని వచ్చినయ్, లెక్క సరిపోయింది. బాపు దీపం ఇంకెవలో తెచ్చి ఇచ్చిండట. బాపు రాలే. లెక్క జూసి, గొంతు ఇని నమ్మకు బిడ్డా, మొఖం జూడు."

మర్నాడు షీటులో చివరన తన పేరు కూడా చేర్పించారు. అంత పెద్దామెకు 'వచ్చింది' అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. "పిల్లలకు రాసినట్టే రాయి. నేను తప్పిపోతె దేవులాడెటోళ్ళు గావాలె గద" అని నవ్వారు. అప్పటి నుంచి ఏ గడినీ పూర్తిగా చదవకుండా వదల్లేదు నేను. నాకు పని నేర్పింది ఆమే.

సోమవారం జీపు కదలగానే ఆమె గడిలో 'వచ్చింది' పక్కన 'వాపస్ పోయింది' అని చేర్చాను. రేపు వస్తారనే అనుకున్నాను.

ఆ సాయంత్రం పేర్లు నేను పిలవాల్సి వచ్చింది. తలలు నూట పన్నెండు. తెర మీద నూట పదమూడు. ఆమె గడిలోని 'వచ్చింది'ని కూడా షీటు కలుపుకుందని నాకు తెలుసు, అయినా తలలు మళ్ళీ లెక్కపెట్టాను. నోరు ఆగక ఆఖరున ఉన్న మేడం పేరు కూడా పిలిచేశాను.

వెనక వరుస నుంచి "ఉన్న" అని వినిపించింది.

ఆరేళ్ళ కింద తప్పిపోయిన పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. అదే లేచి, మేకుకు వేలాడుతున్న మేడం టార్చి తీసుకుంది. "మొఖం జూడాలె గదక్కా" అంది. ఒక్కొక్క మొహం మీద వెలుతురు వేసుకుంటూ వెనక్కి నడిచింది. చివరి చాప దగ్గర ఆ వెలుతురు చాలాసేపు ఆగింది.