రెడ్డిగూడెం తోటలో హద్దు కొలిచిన మూడు రోజులు

2023 ఏప్రిల్. నూజివీడు బస్టాండు దగ్గర ఉన్న నా ఆఫీసుకి సుజాత అనే ఆవిడ వచ్చింది. విశాఖపట్నంలో టీచరు. నేను లైసెన్సు ఉన్న సర్వేయర్ని, పొలాల హద్దులు కొలవడమే నా పని.

"రెడ్డిగూడెంలో మా నాన్నగారి తోట ఉందండీ. హద్దు రాయి సరైన చోట ఉందో లేదో చెప్పాలి," అంది.

"అమ్ముతున్నారా అమ్మా?"

"లేదండీ. పధ్నాలుగేళ్ళ కిందట ఆ రాయి పీకుతూ మా నాన్న దొరికాడని ఊరంతా దొంగన్నారు. పక్క తోట రవితో నాకు కుదిరిన పెళ్ళి ఆగిపోయింది. మేం ఊరొదిలి వెళ్ళిపోయాం. నాన్న పోయిన ఏడాది చనిపోయారు. నిజమేంటో నాకు తెలియాలి."

తాను పెళ్ళి చేసుకోలేదనీ, రవి కూడా చేసుకోలేదని విన్నాననీ తల దించుకుని చెప్పింది.

మొదటి రోజు ఎఫ్.ఎం.బి. పట్టుకుని తోటలోకి దిగాం. ఒక్కో సర్వే నంబరు కొలతలు గీసి ఉండే పాత పటం అది. దాని ప్రకారం లెక్క మొదలుపెట్టి, కొలిచినంత మేరా కర్ర మేకులు పాతి వచ్చాను. మర్నాడు వెళితే ఒక్క మేకూ లేదు. మళ్ళీ కొలిచి పాతాం.

"ఇది రవి పనే," అంది సుజాత. ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది.

మూడో రోజు తెల్లవారుతుండగానే వెళ్ళాం. చిన్న రసాల మామిడిచెట్టు కింద, మా మేకుల పక్కనే, రవి కూర్చుని ఉన్నాడు.

"దొరికావు," అంది సుజాత.

"పీకడానికి కాదు సుజాతా. ఎవరు పీకుతున్నారో చూద్దామని వచ్చా."

ఆమె నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. అంతలో చెట్ల వరసలోంచి ఒక ముసలావిడ గబగబా వచ్చి, మమ్మల్ని చూడకుండానే వంగి మేకు పట్టుకుంది. రవి తల్లి.

"అమ్మా!" అన్నాడు రవి.

ఆవిడ మేకు వదలకుండా అలాగే చతికిలబడింది.

"రాయి జరిపింది మీ నాన్నే రా. నేను చూశాను. వీళ్ళ నాన్న దాన్ని మళ్ళీ పాత చోటికి తెస్తుంటే పట్టుకుని దొంగన్నారు. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ భయపడి, పోయాక ఆయన పరువు పోతుందని, నీకు తెలిస్తే తట్టుకోలేవని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. అమ్మాయ్, నీ బతుకు నేనే పాడుచేశాను."

సుజాత ఆవిడ పక్కన కూర్చుని, చేతిలోని మేకు మెల్లగా తీసుకుంది. "లేవండి అత్తయ్యా, చీమలున్నాయి," అంది.

మాట విన్నంత మాత్రాన కొలత ఆపకూడదు. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట పాతిన రాయిని ట్రై జంక్షన్ అంటాం. దాన్నెవరూ కదపరు. అక్కణ్ణుంచి కొలుచుకుంటూ వస్తే, అసలు హద్దు ఒక వరస చెట్లు దాటి రవి తోటలో పడింది. ఆ వరస సుజాత వాళ్ళది.

"హద్దు కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అన్నాడు రవి. పెట్టాక ఆమె వైపు తిరిగాడు. "మీ నాన్నగారు దొంగని నేను ఎప్పుడూ అన్లేదు సుజాతా. కాదని కూడా అన్లేదు. అదే నా తప్పు."

"ఆ ఒక్క మాట కోసం పధ్నాలుగేళ్ళు చూశాను," అంది ఆమె. అప్పుడు ఏడ్చింది. నేను టేపు చుట్టుకునే నెపంతో దూరంగా వెళ్ళాను.

ఆ సాయంత్రమే రవి నలుగురు పెద్దల్ని పిలిచి, వాళ్ళ ముందు తన చేతులతోనే రాయిని సరైన చోట పాతాడు. కోతలయ్యేదాకా సుజాత సెలవు పెట్టి ఊళ్ళోనే ఉంది. మరుసటి ఏడాది వాళ్ళ పెళ్ళికి వెళ్ళి కడుపునిండా తిని వచ్చాను. ఆమె ఇప్పుడు దగ్గర్లోని చాట్రాయిలో పాఠాలు చెబుతోంది.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. అంతకుముందు హద్దు చూపించడానికి ఇంట్లో మగవాళ్ళు వస్తే చాలనుకునేవాణ్ణి. ఇప్పుడు పటం విప్పే ముందు రెండిళ్ళ ఆడవాళ్ళనూ పిలిపిస్తాను, కుర్చీ వేయించి కూర్చోబెడతాను. "మీరేమైనా చూశారా అమ్మా?" అని అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న అంతకుముందు నేను ఒక్కసారీ అడగలేదు.