వేడి మాస్టారి ప్రశ్న

వేడి మాస్టారికి ఉన్న జబ్బల్లా ఒక్కటే. లోకంలో ఎక్కడ ఏది వేడెక్కినా, “మరి ఈ వేడి ఎక్కడికి పోతుంది?” అని అడక్కుండా ఉండలేరు.

అలా అడగడం ఆయన ఉద్యోగం కూడాను. ధ్వని కంటే ఆరేడు రెట్ల వేగంతో పోయే విమానానికి ఒళ్లు కొలిమిలా కాలుతుంది. ఆ ఒంటికి తొడిగే లోహపు పలకల్ని ఆయన గీస్తారు. పలక లోపల సన్నటి గాడులు, గాడుల్లో పారే చల్లటి ఇంధనం. అది వేడినంతా మోసుకుపోయి ఇంజన్లో మండుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇంట్లో కూడా అదే ప్రశ్న వేయడంతోనే వచ్చింది చిక్కు.

“నాకు ఒళ్లు మండిపోతోంది,” అందిట ఆయన భార్య ఒకసారి.

“మండనీ. ఆ వేడి ఎటు పంపుదామనుకుంటున్నావు?”

ఆ పూట ఆయన క్యాంటీన్లో భోంచేశారు.

గాడుల్లో మైనం నింపే మైనమ్మకి ఆయనంటే తగని విసుగు. లేపనపు తొట్టిలో పైన మూతలా లోహపు పొర పెరిగేదాకా గాడి పూడిపోకుండా మైనమే కాపలా. ఆ తర్వాత దాన్ని వేడినీళ్లతో కరిగించి, బొట్టు మిగలకుండా కడిగెయ్యాలి. ఆవిడ కడుగుతున్నంతసేపూ మాస్టారు వెనక నిలబడి, “ఈ నీళ్ల వేడి ఎక్కడికి పోతుందమ్మాయ్?” అనేవారు. “మీ బుర్రలోకి” అందామని పదిసార్లు నోటిదాకా వచ్చింది.

ఒక సోమవారం పరీక్షలో పలకకి బొత్తామంత కన్నం పడింది. రెండేళ్ల శ్రమ. కోసి చూస్తే పదిహేడో గాడిలో ఇంధనానికి అడ్డుపడి మాడిన మైనం. శుక్రవారం పిల్లకి జ్వరమని బడినుంచి ఫోనొస్తే, ఆ గాడి సరిగ్గా కడక్కుండా పరిగెత్తింది మైనమ్మే. ఉద్యోగం ఊడిందనుకుని మాస్టారి దగ్గరికి వెళ్లింది.

“తప్పు నాదే సార్. పెద్దసారుకి చెప్పేస్తాను.”

“చెప్పు. కాకపోతే ఓ పావుగంట ఆగి చెప్పు.”

ఇంతలో పెద్దసారు నిప్పులు కక్కుకుంటూ రానే వచ్చారు. మాస్టారు ఎదురెళ్లి, “చాలా వేడిగా ఉన్నారు. ఇదంతా ఎక్కడికి పోతుందండీ?” అన్నారు.

ఇక చూసుకోండి. పెద్దసారు ఆయన గీతల్నీ, చొక్కానీ, చదువు చెప్పినవాళ్లనీ వరసపెట్టి దులిపారు. కాస్త చల్లబడేసరికి మాస్టారు, “ఇంకా కొంచెం మిగిలినట్టుందండీ,” అనేవారు. మళ్లీ మొదలు. చివరికి పెద్దసారు కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు.

“ఇంతకీ తప్పెవరిది?”

“నాదేనండీ,” అని మైనమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయనకి అరిచే ఓపిక లేదు. “ఈసారి సరిగ్గా కడుగు,” అని లేచిపోయారు.

తన నెత్తిన పడాల్సిందంతా ఎవరి నెత్తిన పడిందో అప్పటికి అర్థమైంది మైనమ్మకి. ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు సిగ్గేసింది.

వారంలో కొత్త పలక బొమ్మ వచ్చింది. కొలతల మధ్య చిన్న అక్షరాల్లో ఒక నిబంధన: “బడినుంచి ఫోను వచ్చినచో, మిగిలిన గాడులను పలక గీసినవాడు కడగవలెను.” కింద పెద్దసారు సంతకం. ఆయన చదవలేదని వేరే చెప్పనక్కర్లేదు.

“మీకు కడగడం వచ్చా సార్?” అంది మైనమ్మ.

“రాదు. ఇవాళ నేర్పు,” అని మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచారు.