జోసెఫ్ చేసిన రాతి బల్ల

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు ఏడుపు రావట్లేదు.

కోపం వస్తోంది.

మా జోసెఫ్ పోయాడు. గుండెపోటు.

ఛాతీలో నొప్పి అని వాడే చెప్పాడట. వాడి భార్య సునీత ఆటో పిలిచింది. ఆటో గేటు ముందుకొచ్చి ఆగితే, వీడు షెడ్‌లోంచి అన్న మాట: "రెజిన్ కలిపిన, గడ్డకడ్తది. పోసి వస్త, జర ఆగుమను."

పోశాడు. అచ్చులో ఒక్క బుడగ లేకుండా పోశాడు. దవాఖానాకు చేరేలోపే అయిపోయింది.

ఒక్క డబ్బా రెజిన్ పాడైతే ఏం కొంప మునిగేదిరా?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఖమ్మంలో గ్రానైట్ ఫ్యాక్టరీల బయట పారేసే ముక్కలు ఏరుకొచ్చి, రెజిన్ అనే గట్టిపడే జిగురుతో కలిపి అచ్చు పోసి, విడి భాగాలుగా ఫర్నిచర్ చేసేవాడు. స్క్రూ లేదు, సుత్తి లేదు. బైక్ మీద కట్టుకెళ్లి, ఇంట్లో ఒకదాంట్లో ఒకటి దించి బల్ల నిలబెట్టుకోవచ్చు. మంచి ఉద్యోగం మానేసి మరీ ఈ పిచ్చి.

వాడికో రూల్. బిగించేవాళ్లకి ఒక్క మాట చెప్పకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడేవాడు. ఎవరైనా కాస్త తడబడ్డారా, ఆ డిజైన్ క్యాన్సిల్. బల్ల పగలగొట్టి మళ్లీ మొదటికి.

భద్రాచలంలో ఒక లాడ్జి ఓనర్‌ని నేనే కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. ట్రాలీ ఆటోలో శాంపిల్ తీసుకెళ్లాం. లాడ్జిలో పనిచేసే మనిషి బల్ల కాలు పట్టుకుని ఇటా అటా అని తిప్పి చూసి, పెట్టేశాడు. బల్ల కదల్లేదు. ఓనర్ అన్ని గదులకూ కావాలన్నాడు.

వీడు ఇవ్వనన్నాడు. విప్పి మళ్లీ ఆటో ఎక్కించాడు.

ఓనర్ నా మొహం చూశాడు. నేనెవరి మొహం చూడాలి?

పాల్వంచలో నేను మొదలుపెట్టిన తిట్లు ఖమ్మం వరకు ఆపలేదు. ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుతావా అన్నాను. అంతా విని వాడన్నది ఒకటే.

"ఆ బిగించినాయన ఆగిండు కదరా. ఆలోచించిండంటే తప్పు నాదే."

నిన్న సాయంత్రం ఫోటో, కొవ్వొత్తి పెట్టడానికి ఇంట్లో ఒక్క బల్ల లేదు. అన్నీ పగలగొట్టుకున్నాడు మహానుభావుడు.

పర్ణశాల నుంచి వచ్చిన సునీత పెద్దమ్మ షెడ్‌లో గోడకి ఆనించి ఉన్న కొత్త బల్ల విడి భాగాలు తెచ్చింది. వీడు చేసే పనేంటో ఆమెకు తెలియదు. మేమంతా శవపేటిక చుట్టూ ఉన్నాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి దించి, పైన పలక వేసి, ఫోటో పెట్టేసింది.

ఎక్కడా ఆగలేదు. ఎవర్నీ అడగలేదు.

"మంచిగున్నది బల్ల. యాడ కొన్నరు?" అంది సునీతతో.



ఇన్నేళ్లూ నువ్వు చూడాలనుకున్నది ఇదే కదరా. తీరా అది జరిగినప్పుడు, పక్కనే ఉండి కూడా చూడలేకపోయావు. ఒళ్లు మండిపోతోంది జోసెఫ్.

ఇవాళ మధ్యాహ్నం మట్టి వేసి వచ్చాం.

పోయిరా. ఆ ప్రభువు దగ్గరైనా కాస్త స్థిమితంగా కూర్చో. నీకు శాంతి దొరకాలి.